మూడంతస్తుల రేడియో

రాసుకో అమ్మడూ. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో నీ బడి తెలివితేటలు దూర్చకు. మీ నాన్న ఎవరికైనా నన్ను చూపించేటప్పుడు "మా అమ్మ వాయిస్ ఆర్టిస్టు" అంటాడు, చూశావా, ఛాతీ కాస్త ముందుకొస్తుంది. అంతకు ముందు నేను దొంగ రేడియో నడిపాననే సంగతి మాత్రం మింగేస్తాడు. దుబాయ్‌లో అలాంటివి పైకి చెప్పకూడదని వాడి భయం. ఇన్నాళ్లయింది, ఇంకేం భయం? ఆ రేడియో మూడంతస్తులు దాటి పోలేదు. అంటే, పోదనుకున్నాం.

కరామాలో మనం మొదట ఉన్న పాత బిల్డింగు నీకు గుర్తుండే ఉంటుంది. మధ్యలో కింది నుంచి మీది దాకా బావిలా ఒక సందు, పైన రుమాలంత ఆకాశం. అన్ని ఫ్లాట్ల వంటిళ్ల కిటికీలూ ఆ సందులోకే తెరుచుకునేవి. ఎవరింట్లో ఏ తాలింపు పెట్టినా అందరికీ తుమ్ములే. మధ్య అంతస్తులో మనం. కిందా పైనా బెడ్‌స్పేస్ గదులు. ఒక్కో గదిలో మంచం మీద మంచం వేసుకుని తెలంగాణ పిల్లలు, మన నెల్లూరు వైపు వాళ్లు, రాయచోటి సాయిబులు. అందరూ నన్ను అవ్వా అనేవాళ్లు. మనకు అవ్వ అంటే నాయనమ్మ, తెలంగాణ పిల్లలకు అవ్వ అంటే అమ్మ. ఎలా పిలిచినా నేను పలికాను.

అది కరోనా వచ్చిన ఏడు. వీధిలో అడుగు పెట్టాలంటే ఫోన్లో పర్మిషన్ తీసుకోవాల్సిన రోజులు. హాల్లో మీ నాన్న కంప్యూటరు, పడగ్గదిలో మీ అమ్మ కంప్యూటరు, ఇల్లంతా ఆఫీసే. నీకు నాలుగో తరగతి. నీ క్లాసు అవగానే నిన్ను వంటింట్లోకి లాక్కుపోయి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కథలు చెప్పేదాన్ని. నాకు వేరే పనేముంది?

ఒక సంగతి ముందే చెప్పాలి. ఊకొట్టేవాళ్లు లేకపోతే నాకు కథ రాదు. మా అమ్మ చెప్పేది, వినేవాడు ఊఁ అనకపోతే కథలో మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే నిలబడిపోతారని. గొడ్లను తోలుకుపోయేవాడు తోలుకుపోతూ, నీళ్లు చేదేది చేద పట్టుకుని, అలాగే. పాపం వాళ్లను అలా నిలబెట్టడం నావల్ల కాదు.

ఆ రోజు చెబుతున్నది, అబద్ధమాడితే తుమ్మొచ్చే కరణం కథ. చెరువు కింద పొలం ఎవరిదని రైతు అడిగాడు, కరణం నోరు తెరిచాడు. అక్కడికి వచ్చేసరికి నువ్వు చిక్కుడుకాయల మీదే నిద్రపోయావు. సరే, కరణాన్ని అలాగే నోరు తెరిపించి ఉంచి, నేను పొయ్యి దగ్గరికి లేవబోయాను. కిటికీ కింద నుంచి ఒక మగ గొంతు.

"ఊఁ."

నా చేతిలో చిక్కుడుకాయ కిందపడింది.

"ఊఁ అంటున్న గద అవ్వా. ఆగినవేంది? తుమ్మిండా, లేదా?"

"ఎవరయ్యా నువ్వు?"

"గీ కింది రూమోన్ని. ఉల్లిగడ్డ కోస్తున్న. మాది జగిత్యాల దిక్కు."

"ఎన్నాళ్ల నుంచి వింటున్నావు?"

"మొన్నటి సంది. మొన్న మీ మనవరాలు ఊఁ కొడ్తలేదని నేనే మెల్లగ కొట్టిన. నీకు ఇనవడలే."

"వినపడకపోతే ఊఁ కొట్టి లాభమేమిటి? గట్టిగా కొట్టు."

కొట్టాడు. కరణం తుమ్మాడు. ఆ తుమ్ముకు అతగాడి పక్కనున్నవాళ్లెవరో పగలబడి నవ్వారు. అప్పుడు తెలిసింది, ఆ కిటికీ దగ్గర ఒక్కడు కాదు, గదంతా చేరిందని.

నాలుగు రోజులు పోయేసరికి పైఅంతస్తు వాళ్లు తగువుకొచ్చారు. "అవ్వా, కిందోళ్లకేనా నీ శాత్రాలు? మాకు సగమే ఇనవడ్తున్నయి. ఎవడన్న కుక్కర్ పెడ్తే అది గూడ లేదు" అని. శాత్రాలంటే వాళ్ల మాటలో కథలు. వాళ్ల కోసం గొంతు పెంచాను. సాయంత్రానికి బొంగురుపోయింది. పైగా మీ అమ్మ వంటింట్లోకొచ్చి, "అత్తా, మీటింగులో మా మేనేజరు అడుగుతున్నాడు, మీ ఇంట్లో ఎవరికి అన్ని తుమ్ములని. ఈ రోజుల్లో తుమ్ములంటే జనం ఎంత భయపడతారో తెలుసుగా" అంది.

ఇదంతా వింటున్నవాడు ఎదురు ఫ్లాట్లో ఉండే మన నెల్లూరు అబ్బాయి. సామాన్లు చేరవేసే వ్యాన్ డ్రైవరు. వ్యాన్ కింద ఊరికే నిలబడి ఉంది, వీడు పైన ఊరికే కూర్చున్నాడు. మాస్కు కట్టుకుని తలుపు దగ్గర నిలబడి, "పెద్దమ్మా, నువ్వు గొంతు చించుకోబాక. నా కాడ ఒకటుంది" అన్నాడు.

అది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. వ్యాన్లో సిగరెట్ వెలిగించుకునే గుంటలో గుచ్చితే, ఫోన్లో పాట బండి రేడియోలో వినిపిస్తుంది. దానికి గోడ కరెంటు ఇచ్చే ఏర్పాటు చేశాడు, నా ఫోనులో ఏదో యాప్ వేసి మైకులా చేశాడు, డబ్బా వెనక ఒక పొడుగాటి తీగ అతికించి, దాన్ని మన బట్టలారేసే తాడు వెంబడి సందులోకి వదిలాడు. కింది పిల్లల దగ్గర బటన్ల ఫోన్లు ఉండేవి కదా, వాటిలో రేడియో ఉంటుంది. డబ్బా మీద కనపడే నంబరు దగ్గరికి తిప్పుకోమని సందులోకి కేకేశాడు.

"పెద్దమ్మా, ఇప్పుడు మామూలుగా మాట్లాడు."

"ఏం మాట్లాడేది?"

నేను ఆ మాట అన్నానో లేదో, కిందా పైనా గదుల్లోంచి నా గొంతే నాకు తిరిగొచ్చింది, "ఏం మాట్లాడేది" అని. ఆ తర్వాత ఒకటే కేకలు. "అచ్చిందిరా! అవ్వ రేడియోల అచ్చిందిరా!"

మీ నాన్న అడిగాడు, ఇదంతా ఎందుకు, వాట్సాప్‌లో పంపేస్తే పోదా అని. పంపి చూశాం. ఒకడు పొద్దున వింటాడు, ఒకడు పడుకోబోతూ వింటాడు, ఇంకొకడి ఫోనులో డేటా ఉండదు. ఊఁ అన్నా నాకెలా తెలుస్తుంది? బొటనవేలి బొమ్మ పంపితే అది ఊఁ అవుతుందా?

రేడియోలో అలా కాదు. సాయంత్రం నమాజు అవగానే డ్రైవరు అబ్బాయి వచ్చి డబ్బా పెట్టేవాడు. నేను స్టూలు మీద కూర్చుని మొదట వంటల వార్తలు చదివేదాన్ని. చదవడమంటే, ముక్కుతో చదవడం. "పైన మూల గదిలో పప్పు మాడింది, పొయ్యి దగ్గర మనిషి లేడు, ఎవరైనా చూడండి." "కింద ఎవరో ఎండుచేపలు వేయించారు, పక్క గదికి నాలుగు పంపితే పుణ్యం." జ్వరమొచ్చి వేరే చోట పెట్టినవాడు తిరిగొస్తే ఆ సంగతి చెప్పేదాన్ని. ఆ తర్వాత కథ. నా మాట తీగ మీద పోయేది, వాళ్ల ఊఁ సందులోంచి వచ్చేది. కిందా పైనా అందరూ కలిసి ఊఁ అంటే, నిండు బావిలో ఒకేసారి పది బిందెలు ముంచినట్టు ఉండేది. అలాంటి ఊఁ నాకు జన్మలో ఎవరూ కొట్టలేదు. మీ తాతతో సహా. ఆయన ఊఁ అంటూనే గురకపెట్టేవాడు.

అన్ని రోజులూ బాగా గడిచాయని చెప్పను. ఒక సాయంత్రం పై గదిలో ఒకతని తండ్రి ఊళ్లో పోయాడు. విమానాల్లేవు, వెళ్లడానికి లేదు. ఆ రోజు కథ వద్దనుకుని డబ్బా పెట్టలేదు. కాసేపటికి పై కిటికీలోంచి అతనే పిలిచాడు. "అవ్వా, ఎందుకు బంద్ జేసినవ్? చెప్పు. మా నాయినకు శాత్రాలంటే పానం." చెప్పాను. నవ్వులు లేని కథ ఒకటి వెతుక్కుని చెప్పాను. ఆ రోజు అందరికంటే గట్టిగా ఊకొట్టింది అతనే.

ఎలా పట్టుబడ్డామో విను. వీధి మూల బకాలా, అదే కిరాణా కొట్టు, నడిపే కేరళాయన ఉన్నాడే, ఆయన కొట్లో పొద్దస్తమానం ఆయన భాష రేడియో మోగుతుండేది. ఒక రోజు పాల ప్యాకెట్లు ఇవ్వడానికి పైకొచ్చి మీ నాన్నతో హిందీలో, "భాయ్, మేరే రేడియో మే ఆప్ కీ అమ్మా ఆతీ హై" అన్నాడు.

మీ నాన్నకు అర్థం కాలేదు. "నా అమ్మ మీ రేడియోలోకి రావడమేంటి?"

"రోజ్ శామ్ కో. కరణం, కరణం బోల్తీ హై. ఫిర్ ఛీంక్తీ హై." అని తుమ్మి చూపించాడు. ఆయనకు కోపమేం లేదు. కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

మీ నాన్న మాత్రం నవ్వలేదు. వంటింట్లోకి వచ్చి, తాడు వెంబడి ఉన్న తీగ చూశాడు, డబ్బా చూశాడు, నన్ను చూశాడు. డబ్బా సంగతి తెలుసు కానీ, అది గోడ దాటి వీధిలోకి పోతుందని వాడికీ తెలియదు.

"అమ్మా, ఈ దేశంలో లైసెన్సు లేకుండా గాల్లోకి మాట్లాడకూడదు. ఎవరైనా కంప్లెయింట్ చేస్తే నా వీసా, నీ వీసా, పాపం ఆ అబ్బాయి ఉద్యోగం..."

"ఎవరైనా చేశారా?"

"చేయలేదు. చేసేదాకా ఆగుదామా?"

వాడన్నది నిజమే. మనల్ని ఉండనిచ్చిన దేశం, దాని పద్ధతి దానికుంటుంది. డ్రైవరు అబ్బాయి అప్పటికప్పుడు తీగ పీకేశాడు. "నేనూ ఇంత దూరం పోతదనుకోలా అన్నా" అని మీ నాన్న ముందు తల గోక్కున్నాడు. నేను సందులోకి వంగి కేకేశాను. "ఈ రోజు నుంచి రేడియో ఖలాస్! లైసెన్సు లేదంట!"

కింది నుంచి జగిత్యాల పిల్లవాడు, "మాట్లాడనీకి గూడ లైసెన్సేందవ్వా?" అన్నాడు.

"నోటికి అక్కర్లేదు నాయనా. గాలికి కావాలంట."

ఇంకొన్నాళ్లు ఉత్త నోటితోనే చెప్పాను. ఇంతలో పనులు మొదలయ్యాయి. కింది పిల్లల్ని కంపెనీ వాళ్లు అబుదాబి దగ్గర మఫ్రఖ్ క్యాంపుకు మార్చారు. పైవాళ్లు కొందరు ఉమ్ అల్ క్వైన్ ఫ్యాక్టరీకి పోయారు. మనమూ ఈ పెద్ద బిల్డింగుకు వచ్చేశాం. ఇక్కడ లిఫ్టుంది, ఈతకొలను ఉంది, కిటికీలు మాత్రం తెరుచుకోవు. నువ్వేమో చెవుల్లో ఆ తెల్ల గుబిలిముక్కలు పెట్టుకోవడం మొదలెట్టావు. ముఖం చిట్లించకు, నిజమే చెబుతున్నా.

ఇక్కడికొచ్చిన మొదటి రెండేళ్లూ నాకు ఏమీ తక్కువ కాలేదు. అన్నం, మందులు, టీవీ అన్నీ ఉన్నాయి. చెప్పుకోవాల్సిన కథలు మాత్రం లోపల పులిసిపోతున్నాయి. మీ నాన్న నా బాధ చూడలేక ఫోను ఎదురుగా నిలబెట్టి, "చెప్పమ్మా, రికార్డు చేసి మనవాళ్లకు పంపుదాం" అన్నాడు. కూర్చున్నాను. రెండు మాటలు చెప్పి ఆగాను. ఎదురుగా గోడ. గోడ ఊఁ అనదు. నాకు కావలసింది పేరు కాదు, డబ్బు కాదు, నేను మాట్లాడితే అవతల నుంచి ఊఁ అనేవాళ్లు నలుగురు. అంతే. ఆ నలుగురూ చట్టప్రకారం ఎక్కడ దొరుకుతారో తెలియక కూర్చున్నాను.

దొరికించినవాడు మళ్లీ ఆ బకాలా ఆయనే. ఒకసారి కరామా వెళ్లినప్పుడు నన్ను చూసి, కౌంటరు వెనక నుంచి "రేడియో అమ్మా!" అని అరిచాడు. ఆయన చుట్టం ఒకతను అక్కడే ఒక ఫ్లాటులో రికార్డింగు స్టూడియో పెట్టాడట. ఎవరో కట్టుబడి కంపెనీ వాళ్లు, ఎండల్లో కూలీలు జాగ్రత్తగా ఉండమని చెప్పే మాటలు నాలుగైదు భాషల్లో రికార్డు చేసి, బస్సుల్లో వేయాలనుకుంటున్నారట. తెలుగుకు మాత్రం గొంతు దొరకలేదట. మీ నాన్న ముందు ఆ స్టూడియో లైసెన్సు చూశాడు. గోడ మీద ఫ్రేము కట్టి ఉంది. ఆ తర్వాత నాకు కావలసిన పర్మిట్ తీయించాడు. అన్నీ అయ్యాకే నన్ను గడప దాటనిచ్చాడు.

స్టూడియో అంటే ఏమో అనుకున్నాను. మన బీరువా కంటే కాస్త పెద్ద గది, గోడలకు గుడ్ల అట్టల్లాంటి నల్లటి స్పాంజి. మైకులో హోరు వినపడుతుందని రికార్డింగప్పుడు ఏసీ కట్టేస్తారు. ఎండదెబ్బ గురించి చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. బకాలా ఆయన చుట్టం, ఆ కేరళ అబ్బాయి, అద్దం అవతల కూర్చుని, నా చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి, ఒక కాగితం చేతికిచ్చాడు. ఆఫీసులో ఎవరో తెలుగులోకి మార్చి పంపింది. "ప్రియమైన శ్రామికులారా! అధిక ఉష్ణోగ్రతల సమయమందు తగు పరిమాణములో ద్రవపదార్థములను సేవించవలెను."

చదివాను. మళ్లీ చదివాను. అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. తెలుగు రాదు కానీ చెవులున్నవాడు.

"అమ్మా, ఆవాజ్ అచ్ఛా హై. పర్ జాన్ నహీ హై."

ప్రాణం లేదట. నాకు తెలియదా? ద్రవపదార్థములను సేవించేవాణ్ణి నేనెప్పుడైనా చూశానా? అప్పుడతను నసుగుతూ ఇంకో సంగతి చెప్పాడు. కంపెనీ వాళ్ల దగ్గర కంప్యూటరు చదివిన గొంతు ఒకటి సిద్ధంగా ఉందట. నాది కుదరకపోతే అదే వేసేస్తారట. వినిపించాడు. చక్కగా ఉంది, ఒక్క అక్షరం తొట్రుపడలేదు. పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా నేల చూపులు చూస్తూ చెప్పింది. దాన్ని తప్పుపట్టడానికేం లేదు. లైసెన్సున్న గాలి ఇన్నాళ్లకు దొరికింది, దాన్ని ఒక డబ్బాకు వదిలేసి ఇంటికి పోయి టీవీ చూడాలా?

"బాబూ, నాకు ఊఁ కావాలి" అన్నాను.

"క్యా చాహియే?"

హిందీలో, తెలుగులో, చేతులతో చెప్పాను. నేను ఒక మాట అనగానే నువ్వు ఊఁ అనాలి, అది మైకులో పడకూడదు. అతను ఆలోచించి ఒక మీట నొక్కాడు. అద్దం అవతల నుంచి అతను మాట్లాడేది నా హెడ్‌ఫోన్లలోకి మాత్రమే వస్తుంది, రికార్డు కాదు. ఇక చూడు. "మీరు" అన్నాను. "ఊఁ" అన్నాడు. "ఎండలో" అన్నాను. "ఊఁ." "పని..." "ఊఁ." తెలుగు రాని మనిషి, మాట ఎక్కడ ఆగుతుందో ఏం తెలుస్తుంది? నేను నవ్వాను, అతనూ నవ్వాడు. నాలుగోసారికి నా ముఖం చూసి కొట్టడం నేర్చుకున్నాడు. నేను గడ్డం కాస్త ఎత్తితే ఊఁ.

నేను కాగితం పక్కన పెట్టేశాను. అందులో విషయాన్నే నా నోటితో చెప్పాను.

"ఒక మేస్త్రి ఉన్నాడు. వాడికి దాహమంటే చిన్నచూపు. ఎండలో నాలుక అడిగింది, నీళ్లు పోస్తావా అని. పనయ్యాక అన్నాడు. తల అడిగింది, కాస్త నీడకు తీసుకుపోతావా అని. ఈ వరస అయ్యాక అన్నాడు. కాళ్లు మాత్రం ఏమీ అడగలేదు. అడక్కుండానే కూలబడ్డాయి..." అలా సాగుతుంది. దాహం వేసేదాకా ఆగొద్దని, తల తిరిగితే ఒంటరిగా ఉండొద్దని, పక్కవాణ్ణి పిలవమని, కాగితంలో ఉన్నవన్నీ వచ్చాయి. ప్రతి మాట తర్వాత ఊఁ పట్టేంత చోటు వదిలాను.

ఆ ఖాళీలు కత్తిరించేస్తానన్నాడు అబ్బాయి. "ఇత్నా గ్యాప్ కోయీ నహీ రఖ్తా అమ్మా."

"చెయ్యి వేశావంటే చూడు" అన్నాను, గడ్డం ఎత్తకుండా. నవ్వి వదిలేశాడు.

కంపెనీ వాళ్లు రెండూ బస్సులో వేసి చూస్తామన్నారు, కంప్యూటరుదీ నాదీ. ఏది పనికొస్తే అది. కావాలంటే మీరూ రావచ్చన్నారు. మీ నాన్న సెలవు పెట్టి నన్ను తీసుకెళ్లాడు, స్టూడియో కేరళ అబ్బాయీ వచ్చాడు. మధ్యాహ్నం డ్యూటీ దిగి మఫ్రఖ్ క్యాంపుకు పోయే బస్సు. నేను ముందు సీట్లో శాలువా కప్పుకుని కూర్చున్నాను. నేనెవరో ఎవరికీ తెలియదు. ఎవరి తల్లో అనుకున్నారు. ఎక్కిన వాళ్లు ఎక్కినట్టే తల వెనక్కి వాల్చేశారు. సిమెంటు, చెమట, సబ్బు కలిసిన వాసన.

సేఫ్టీ ఆఫీసరు డ్రైవరు పక్కన నిలబడ్డాడు. బీహారాయన, మంచి ఒడ్డూ పొడుగూ, చేతిలో నీళ్ల సీసా. మొదట కంప్యూటరు గొంతు వేయించాడు. బస్సు మొత్తం నిద్రపోతూ విన్నది. ఆ తర్వాత నాది వేయించాడు.

"ఒక మేస్త్రి ఉన్నాడు."

ఖాళీ. ఎవరూ పలకలేదు.

"వాడికి దాహమంటే చిన్నచూపు."

వెనక సీట్లలోంచి ఎవరో కళ్లు మూసుకునే, నిద్రలో అన్నట్టు, "ఊఁ" అన్నారు. "నాలుక అడిగింది" దగ్గర ఐదారుగురు. "తల అడిగింది" దగ్గరికి వచ్చేసరికి బస్సు సగం లేచింది. కాళ్లు కూలబడ్డప్పుడు మొత్తం బస్సు ఒక్కటై, "ఊఁ!" అన్నది. అద్దాలు అదిరాయి.

ఆఫీసరు ముఖం ఎర్రబడింది. "బంద్ కరో! బంద్ కరో!" అని డ్రైవరు మీద అరిచాడు. పాట ఆగినట్టు నా గొంతు ఆగిపోయింది. "యే క్యా మజాక్ హై? సేఫ్టీ కీ బాత్ పే హూటింగ్?"

వెక్కిరిస్తున్నారనుకున్నాడు పాపం. అంతమంది మగవాళ్లు ఒక్కసారిగా ఊఁ అంటే తెలియనివాళ్లకు అలాగే ఉంటుంది. మీ నాన్న నా మోచేయి పట్టుకున్నాడు, లేవొద్దని. అక్కడికే ఖలాస్ అయిపోతుందనిపించింది. వెనక నుంచి ఒకడు తెలుగులోనే గొణిగాడు, "గా మేస్త్రి సచ్చిండా బతికిండా చెప్పకుంట బంద్ జేస్తే ఎట్ల?"

నేను మోచేయి విడిపించుకుని లేచాను.

"ఎందుకయ్యా ఆపావు? వాళ్లు వెక్కిరించలేదు, వింటున్నారు."

ఆఫీసరుకు అర్థం కాలేదు కానీ, బస్సంతా ఒక్కసారి బిగుసుకుపోయింది. రికార్డులో ఉన్న గొంతు శాలువా కప్పుకుని ఎదురుగా నిలబడింది మరి. వెనక్కి వాలిన తలలన్నీ పైకి లేచాయి. ఒకడు సీటు మీద నుంచి లేచి, "అయ్యో, గీమె కరామా అవ్వ గదరా! కరణం అవ్వ!" అన్నాడు. కింది గది జగిత్యాల పిల్లవాడు. గడ్డం పెరిగింది, కాస్త చిక్కాడు.

నాకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని ఆఫీసరుతో చెప్పాను. "సాబ్, మా వైపు పెద్దవాళ్లు కథ చెబుతుంటే పిల్లలు ఊఁ అనాలి. ఊఁ అంటే వింటున్నట్టు. అనకపోతే నిద్రపోయినట్టు. ఇందాక ఆ కంప్యూటరు పిల్ల చెప్పినప్పుడు చూశావుగా, ఎవరూ అనలేదు."

ఆఫీసరు కనుబొమలు మెల్లగా దిగాయి.

"హుంకారీ?" అన్నాడు.

"ఏమిటి?"

"హమారే గావ్ మే హుంకారీ బోల్తే హై. దాదీ కహానీ సునాతీ థీ, హమ్ హుంకారీ నహీ దేతే, తో థప్పడ్ మార్తీ థీ." వాళ్ల నాయనమ్మ కూడా అంతేనట. హుంకారీ ఇవ్వకపోతే చెంప పగలగొట్టేదట. చెబుతూ చెబుతూ చెంప తడుముకున్నాడు, ఇప్పుడే తగిలినట్టు. బస్సంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వాడు.

"మొదటి నుంచి వెయ్యి" అని డ్రైవరుకు చెప్పాడు. ఈసారి ఊఁ కొట్టినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు. అర్థం కాకపోయినా, ఖాళీ వచ్చిన చోటల్లా గంభీరంగా హూఁ అనడమే. అయిపోయాక మీ నాన్న ద్వారా బస్సును అడిగించాడు. మేస్త్రి ఏం తప్పు చేశాడు? అందరూ ఒకేసారి చెప్పారు. వాడి తిక్క దగ్గర నుంచి వాడి కాళ్ల దాకా. అలాంటి మేస్త్రి ఇక్కడ ఫలానా సైట్లో ఉన్నాడని కూడా చెప్పారు, అది మీ నాన్న హిందీలోకి మార్చలేదు.

క్యాంపు గేటు దగ్గర దిగాక ఆఫీసరు కేరళ అబ్బాయితో, "ఇదే ఖాయం. గ్యాప్‌లు తీయకు" అన్నాడు. నా వైపు తిరిగి, "అమ్మాజీ, హిందీలో కూడా చెబుతారా?" అని అడిగాడు. నా హిందీ విన్నాక కూడా అడిగాడంటే పెద్దమనసే. అది ఎవరైనా హిందీ దాదీ చేత చెప్పించమన్నాను, ఖాళీలు వదలమని మాత్రం చెప్పమన్నాను. జగిత్యాల అబ్బాయి నన్ను మీ నాన్న పిలిపించిన కారు దాకా సాగనంపి, "అవ్వా, గిప్పుడు లైసెన్సున్నదా?" అని అడిగాడు.

"ఉంది. ఫ్రేము కట్టించారు."

"గట్లైతే రోజూ బస్సుల గా మేస్త్రినే తిప్పి తిప్పి వెయ్యొద్దు. కొత్తయి చెప్పు. నిద్రపోయెటోళ్లను గూడ లేపి మరీ ఊఁ కొట్టిస్త."

అతను మాట నిలబెట్టుకున్నాడో లేదో నాకు తెలియదు కానీ, కంపెనీ వాళ్లు మాత్రం వరుసగా పని ఇస్తున్నారు. గదిలో గ్యాస్ పొయ్యి జాగ్రత్త అన్నది చేశాను, నిచ్చెన ఎక్కేటప్పుడు నడుముకు బెల్టు అన్నది చేశాను. స్టూడియో అబ్బాయి ఇప్పుడు తెలుగు మాటలు ఎక్కడ ఆగుతాయో నా గడ్డం చూడకుండానే కనిపెడుతున్నాడు. మొన్న ఒక లిఫ్టుకు కూడా గొంతు ఇమ్మన్నారు, తలుపులు మూసుకుంటున్నాయి అని. వద్దన్నాను. లిఫ్టులో ఎక్కినవాడు ఎవడు ఊకొడతాడు?

ఎంతయింది టైము? పొద్దున్నే స్టూడియో వాళ్ల కారొస్తుంది. ఈసారి ఎండాకాలంలో కూల్‌డ్రింకులు మాని లబన్, అంటే ఇక్కడి మజ్జిగ, తాగమని చెప్పాలి. కథలో మజ్జిగమ్మకూ రంగునీళ్లాయనకూ పోట్లాట పెట్టాను, ఇంకా తేలలేదు. ఆ ఏసీ లేని గదిలో గొంతు బాగుండాలంటే ఇప్పుడు నోరు మూసుకోవాలి. ఇక చాలు, పుస్తకం మూసెయ్. ఫ్లాస్కులో కాసిని గోరువెచ్చని నీళ్లు పోసి నా మంచం పక్కన పెట్టు.